జాడదీపం

ఆదివారం పొద్దున్న పదింటికి భానోజీ తన ఇంట్లోనే దొంగలా తిరుగుతున్నాడు. భార్య హైమ, ఏడేళ్ళ కూతురు తారిణి ఆస్పత్రికి వెళ్ళారు. ఇంకెవరూ లేరు, అయినా అడుగుల చప్పుడు కాకుండా నడుస్తున్నాడు. చేతిలో జాడదీపం. బియ్యం డబ్బా మీద పెడితే పచ్చ. గోడమీద పెడితే పచ్చ. తారిణి రంగు పెన్సిళ్ళు, బొమ్మల బుట్ట, మంచినీళ్ళ కుళాయి, కిటికీ ఊచలు, అన్నీ పచ్చే. పచ్చ అంటే ఏమీ లేదని అర్థం. మరి ఏమీ లేకపోతే పిల్ల ఒంట్లోకి అంత సీసం ఎక్కణ్ణించి వచ్చినట్టు?

మూడు నెలలుగా పిల్లకి కడుపునొప్పి. నులిపురుగులన్నారు, దిష్టన్నారు, బడి ఎగ్గొట్టడానికి వేషాలన్నారు. ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పే పిల్ల, మూడో ఎక్కం మధ్యలో ఆగిపోయి తల్లి మొహంలోకి చూడటం మొదలుపెట్టాక హైమ ఊరుకోలేదు. నెత్తురు పరీక్ష చేయించింది. శుక్రవారం నాడు డాక్టరమ్మ కాగితం చూసి కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. "సీసం. మీ ఇంట్లోనే ఎక్కడో ఉంది. వెతకండి," అంది.

వెతకడానికి భానోజీని మించినవాడు ఈ విశాఖపట్నంలో లేడు. ఎందుకంటారా, ఆ జాడదీపం కనిపెట్టినవాడు అతనే కాబట్టి.

అమ్మినవాడే పాత సరుకు వెనక్కి తీసుకోవాలని చట్టం ఎప్పట్నించో ఉంది. ఫోన్లు, టీవీలు, ఇన్వర్టర్లు, ఏవైనా సరే, పాడైపోయాక చేసిన కంపెనీయే పట్టుకెళ్ళి పద్ధతిగా విప్పించాలి. కంపెనీలన్నీ పట్టుకెళ్ళామనే కాగితాలు పంపేవి. కాగితాల మీద టన్నులకి టన్నులు మాయమైపోయేవి, సరుకు మాత్రం రేకులపేట సందుల్లో పొగలు కక్కుతూ ఉండేది. భానోజీ ఆమోద ఎలక్ట్రానిక్స్‌లో కెమిస్టు. రోజూ ఆఫీసు బస్సులో ఆ పొగ మధ్య నించి వెళ్ళేవాడు. ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని, ఆ పొగలో మా కంపెనీది ఎంతో అని సిగ్గుపడేవాడు. ఆ సిగ్గులోంచే జాడగింజ పుట్టింది. పుప్పొడికన్నా చిన్న పింగాణీ గింజ అది. బోర్డుల మీద వేసే, సీసం కలిసిన టంకంలో కలిపేస్తారు. కాల్చినా కాలదు, యాసిడ్‌లో వేసినా కరగదు. ప్రతి గింజ లోపలా ఆ కంపెనీ నంబరు ఉంటుంది. దీపం పెడితే ఎర్రగా వెలిగి, నంబరు చూపిస్తుంది. ఎర్రగా వెలిగిన చోటికి ఆ కంపెనీవాళ్ళు నెలరోజుల్లో వచ్చి సరుకు మోసుకెళ్ళాలి. సర్కారు ఆ రూలు పెట్టినరోజు హైమ పాయసం చేసింది. నిజాయితీగా చేసిన పని అది, అందులో అనుమానం లేదు. తప్పంతా ఆ తరవాత జరిగింది.

నాలుగేళ్ళ కిందట దీపాన్ని మొదటిసారి ఊళ్ళోకి తీసుకెళ్ళాడు. రైతుబజారులో దొండకాయల మీద పెట్టాడు. ఎరుపు. తూకపురాళ్ళ మీద పెట్టాడు. ఎరుపు. సిటీబస్సు సీటు, బడి గోడ, సముద్రం ఒడ్డున ఇసక, మరమరాలు అమ్మే ముసలాయన అరచెయ్యి, పెట్టిన చోటల్లా ఎరుపే. భానోజీ లాబ్‌కి పరుగెత్తుకొచ్చి ఫ్యాక్టరీ పెద్ద జగదీశ్వరి గారికి చూపించాడు.

ఆవిడ కోప్పడలేదు. టీ తెప్పించింది. "బాగుంది భానోజీ. అయితే ఇప్పుడు మనం ఊరంతా మోసుకెళ్ళాలా?"

"అంటే, కొంచెం కొంచెమేనండీ. ధూళిలో కలిసి..."

"కొంచెం అంటున్నావు కదా. ఆ కొంచెం దగ్గర ఒక గీత గియ్యి. గీత దాటితేనే ఎరుపు. లేకపోతే ఈ దీపాన్ని ఏ కంపెనీ ఒప్పుకోదు, సర్కారు కూడా ఒప్పుకోదు. అసలుకే మోసం వస్తుంది. ఆలోచించుకో."

ఆలోచించాడు. దీపమే లేకుండా పోవడంకన్నా గీత ఉన్న దీపం నయం కదా అనుకున్నాడు. నలభై గింజల దగ్గర గీత గీశాడు. అంతకు లోపు ఎన్ని ఉన్నా దీపం పచ్చగానే వెలుగుతుంది. ఎందుకని అడిగితే, రిపోర్టులో ఒక మాట రాశాడు: అది పరికరం తనంతట తనే పుట్టించే రొద, నిజం గింజలు కావు.

రొద లేదని అతనికి తెలుసు. ఆ సాయంత్రమే దీపాన్ని మూడుసార్లు శుభ్రం చేసి, కడిగిన గాజుపలక మీద పెట్టి చూశాడు. ఒక్క గింజ కూడా చూపించలేదు. ఆ సంగతి ఓ కాగితం మీద తేదీ వేసి రాసుకుని, మడతపెట్టి సొరుగు అడుగున పడేశాడు. గీత గీసిన దీపాలు ప్రతి వార్డు ఆఫీసుకీ చేరాయి. తరవాత ప్రమోషనొచ్చింది. కూర్మన్నపాలెంలో ఈ ఫ్లాటొచ్చింది. కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

ఇంట్లో ఆ దీపం తారిణికి ఆటవస్తువైపోయింది. ప్రతి ఆదివారం నాలుక బయటపెట్టి నిలబడేది. భానోజీ దీపం పెట్టేవాడు. పచ్చగా వెలిగితే "పాస్!" అని ఇద్దరూ కేకలు పెట్టేవాళ్ళు. నాలుగేళ్ళపాటు వారం వారం పాసవుతూనే ఉంది పిల్ల.

అదంతా గుర్తొచ్చి భానోజీ హాల్లో కుర్చీలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి, దీపం వెనక మూత విప్పి, తనకి తప్ప ఇంకెవరికీ తెలియని అంకెలు నొక్కాడు. నలభై ఉన్న చోట సున్నా పెట్టాడు. మళ్ళీ వంటింట్లోకి వెళ్ళాడు.

రోజూ తడిగుడ్డతో తుడిచే బియ్యం డబ్బా దగ్గర పచ్చ. పప్పుల డబ్బా దగ్గర పచ్చ. పొయ్యి పక్కన చారుగిన్నె దగ్గరికి వచ్చేసరికి దీపం భగ్గుమంది. ఎరుపు. ఇరవై మూడు గింజలు. కింద కంపెనీ నంబరు: పదిహేడు.

పదిహేడు ఆమోద ఎలక్ట్రానిక్స్ నంబరు.

ఆ గిన్నె తన తల్లిది. ఇత్తడి గిన్నె. "స్టీలు గిన్నెలో కాచింది కూడా ఒక చారేనా?" అని పేచీపెట్టి అటకమీంచి దింపించింది భానోజీయే. ఇత్తడిలో పులుపు కాస్తే చిలుమెక్కుతుందని మూడు నెలలకోసారి లోపల తగరం పూసి కళాయి పెట్టించేవారు. చింతపండు పులుసు ఆ కళాయిని కొద్దికొద్దిగా తినేస్తుంది, అందుకే మళ్ళీ మళ్ళీ పెట్టించాలి. ఆ తినేసిందంతా చారులోకే కదా పోయేది! తారిణి కూర ముట్టదు, పప్పు ముట్టదు. రెండుపూటలా చారన్నమే.

మధ్యాహ్నం హైమ వచ్చింది. తారిణిని పడుకోబెట్టి వంటింట్లోకి వచ్చేసరికి గిన్నె బోర్లించి ఉంది.

"దొరికిందా?"

"కళాయిలో సీసం ఉంది."

హైమ గిన్నెవైపు చూసింది. పొయ్యి గట్టు పట్టుకుని అలాగే కిందకి జారి కూర్చుంది. "తినను తినను అంటున్నా కొసరి కొసరి పెట్టానండీ. నా చేత్తో నేనే పెట్టాను," అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు చెప్పాల్సింది. దీపం సంగతి, గీత సంగతి, సొరుగులో కాగితం సంగతి, అన్నీ నోటిదాకా వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే మింగేసి, భానోజీ ఏమన్నాడో తెలుసా? "నీ తప్పేం లేదు. ఆ కళాయి వేసే పైడితల్లి మోసం చేసింది. దొంగ తగరం వేసింది," అన్నాడు.

హైమ కళ్ళు తుడుచుకుని లేచింది. అపార్ట్‌మెంటు ఆడవాళ్ళందరికీ ఫోన్‌లో పైడితల్లి మోసం చేసిందని మెసేజ్ పెట్టింది. సోమవారం పొద్దున్న పైడితల్లి కొలిమితిత్తి, బొగ్గులమూట పట్టుకుని వస్తే వాచ్‌మన్ గేటు తియ్యలేదు. భానోజీ ఆఫీసు బస్సు కోసం ఆ గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. పైడితల్లి అతన్ని చూసి, చెప్పండి బాబూ అన్నట్టు చెయ్యెత్తింది. అతను ఫోన్‌లోకి తల దూర్చేశాడు.

ఆ రోజే గీతకి ఐదేళ్ళ పొడిగింపు. నలభైకి లోపు ఉన్నదంతా రొదేనని కెమిస్టు మళ్ళీ ధ్రువీకరించాలి. జగదీశ్వరి గారు ఫైలు ముందుకు తోసింది. "పాపకి ఎలా ఉంది?" అని ఆప్యాయంగా అడిగింది కూడా.

"మందులు వాడుతున్నామండీ," అని భానోజీ పెన్ను తీశాడు. చెయ్యి వణుకుతుందేమో అనుకున్నాడు. వణకలేదు. సంతకం ఎప్పట్లాగే పడింది. వణికి ఉంటే కొంచెం బాగుండేదని బస్సులో ఇంటికి వస్తూ అనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి తారిణి మంచంమీద కూర్చుని ఉంది. మొహం పాలిపోయింది కానీ హుషారుగానే ఉంది. "నాన్నా, నిన్న ఆదివారం కదా. టెస్టు పెట్టలేదేం?"

"రేపు పెడతాలే."

"ఇప్పుడే!" అని, బీరువా దగ్గర వదిలేసిన దీపం తనే తెచ్చుకుని నాలుక బయటపెట్టింది. భానోజీ లాక్కునేలోపే అది ఎర్రగా వెలిగింది. గీత చెరిపిన దీపం కదా.

తారిణి దీపంవైపు చూసింది, తండ్రివైపు చూసింది. కింది పెదవి వంకర్లు పోయింది. "నేను ఫెయిలా నాన్నా?"

"కాదమ్మా! నువ్వు కాదు. నేను," అన్నాడు భానోజీ. ఆ మాట అనగానే ఏడుపు ఆగలేదు. పిల్లని గుండెలకి పొదువుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. తండ్రి ఏడవడం ఎప్పుడూ చూడని పిల్ల బెదిరిపోయి తన ఏడుపు మానేసింది.

గుమ్మంలో హైమ నిలబడి ఉంది. "దీపం ఇన్నాళ్ళూ పచ్చగా వెలిగేది కదండీ. ఇవాళ ఎరుపెందుకొచ్చింది?"

ఇక దాచలేకపోయాడు. చెప్పాడు. రైతుబజారు, టీ, గీత, రొద, పొద్దున్న పెట్టిన సంతకం, ఒక్కటీ విడవకుండా చెప్పాడు. హైమ అరవలేదు. అరిచి ఉంటే అతనికి తేలిగ్గా ఉండేది.

"నేను నిన్నంతా నా చేతుల్ని తిట్టుకుంటూ కూర్చున్నాను," అంది చివరికి. "మీరు పక్కనే కూర్చుని చూస్తూ ఊరుకున్నారు."

హైమ ఫోన్ తీసి, ఆదివారం తను పెట్టిన మెసేజ్ అతని ముందు పెట్టింది.

"ఆ ముసలమ్మ ఏం చేసిందని గేటు దగ్గర్నించి తరిమించారు? నాచేత అన్ని మాటలు రాయించారు! ముందు వెళ్ళి ఆవిడకి చెప్పండి. చెప్పాకే నా మొహం చూడండి."

మంగళవారం ఆఫీసుకి సెలవు పెట్టి, దీపం సంచిలో వేసుకుని రేకులపేట వెళ్ళాడు. ఇరవై ఏళ్ళు బస్సు కిటికీలోంచి చూసిన పేటలో మొదటిసారి కాలు పెట్టాడు. పైడితల్లి ఇల్లు అడగ్గానే చూపించారు. వాకిట్లో చిన్న గుంట తవ్వి, బొగ్గులు రాజేసి, బిందెకి కళాయి వేస్తోంది. బిందె కాలాక మకిలి వదలడానికి నవాసారం పొడి చల్లింది, గుప్పున తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క రాసి, దూది ఉండతో గబగబా లోపలంతా పులిమింది. బిందె లోపల వెండిలా తళతళలాడింది. ఆ పొగలోనే మొహం పెట్టుకుని పని చేస్తోంది. దూదిని వేళ్ళతో పట్టుకోవడం లేదు, రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకుంటోంది. ఆ సంగతి తన ఇంటి దగ్గర ఇన్నిసార్లు చూసీ గమనించనే లేదు భానోజీ.

"వచ్చేరా బాబూ!" అని ఆవిడే ముందు పలకరించింది. "గేటు కాడ పొమ్మన్నారు. అమ్మగారికి ఏటి కోపమొచ్చినాదో నాకు తెల్దు. కళాయి సరిగ్గా అంటనేదేటి? సెప్తే మళ్ళీ ఏసీదాన్ని గదా, ఊరికినే."

చెప్పడానికి వచ్చిన భానోజీ అడగడానికి వచ్చినవాడిలా అడిగాడు. "తగరం ఎక్కడ కొంటున్నావమ్మా?"

"దొంగసరుకు కాదు బాబూ." ఆవిడ లోపలికెళ్ళి పాతచీర మడతలోంచి తగరం దిమ్మ ఒకటి తెచ్చింది. దానికి చుట్టిన కాగితం మీద వార్డు ఆఫీసు ఆకుపచ్చ ముద్ర. "మీ కంపెనీ సామాన్లు ఇప్పే గోడౌన్ నేదూ, దాని ఎనక గేటు కాడ ఇస్తారు. ముందు పాత సావుకారు కొట్లో కొనీదాన్ని. మీరు సెప్పేకే ఇది కొంటన్నాను."

"నేను చెప్పానా?"

"మర్సిపోనారా? మీ మేడ కింద కళాయేత్తంటే, ఆ దీపం తెచ్చి సూపించేరు గదా. పచ్చగెలిగితే బయం నేదు, ఎర్రగెలిగితే ముట్టుకోకు అన్నారు. అప్పట్నించి ప్రెతి దిమ్మా వార్డాపీసుకి అట్టుకెళ్ళి దీపం ఎట్టించుకుంటన్నాను. ఎరుపొస్తే ఒల్లనని సెప్పీసినాను. ఆళ్ళు కూడా జాగర్త పడ్డారు బాబూ. కరిగించి పైన తెట్టు ముమ్మారు తీసేస్తారు. అలగ తీస్తే పచ్చబడతాదంట."

తెట్టు! ఆ దిమ్మ బోర్డుల మీంచి కరిగించి తీసిన టంకమే. పింగాణీ గింజలు తేలికవి, కరిగిన టంకం మీద తెట్టులా తేలతాయి. మూడుసార్లు తీసేస్తే మిగిలేవి నలభైకి లోపే. సీసం మాత్రం ఎక్కడికీ పోదు, దిమ్మలోనే ఉంటుంది. వెనక గేటువాళ్ళు అతని గీతని కనిపెట్టి, సరిగ్గా దానికి కిందకి దిగేలా సరుకు తయారుచేస్తున్నారు. ఈ ముసలావిడ అతని మాట నమ్మి, ముద్ర వేయించి మరీ, జాగ్రత్తగా విషం కొంటోంది. నిన్నటిదాకా మోసం చేసింది ఈవిడని ఊరంతా చెప్పించాడు.

సంచిలోంచి దీపం తీశాడు. దిమ్మ మీద పెట్టాడు. ఎరుపు. పైడితల్లి ఉలిక్కిపడింది.

"అదేటి! నిన్ననే పచ్చొచ్చినాది."

"చెయ్యి ఇలా ఇవ్వమ్మా."

ఆవిడ చెయ్యి చాపింది. చాపిన చెయ్యి మణికట్టు దగ్గర కిందకి వాలిపోయింది. "రొండేళ్ళయినాది బాబూ, ఇలగ నిలబడట్నేదు. రొండోది కూడా అంతే. వయసు గదా," అని నవ్వింది. వయసు కాదని భానోజీకి తెలుసు. డాక్టరమ్మ చెప్పిన లక్షణాల్లో అదొకటి. దీపం ఆవిడ మణికట్టు మీద ఎర్రగా వెలిగింది. పదిహేడు.

"ఆ అంకె ఏటి బాబూ?"

"మా కంపెనీ నంబరమ్మా." అతను ఆ బొగ్గుల పక్కనే, మట్టిలో గొంతుక్కూర్చున్నాడు. "నీ ఒంట్లో ఉన్నది మా సరుకు. నా కూతురి ఒంట్లో కూడా అదే ఉంది. దీపం తప్పు చెప్పలేదు. కొంచెం ఉంటే పచ్చగా వెలగమని నేనే దానికి నేర్పాను. నువ్వేం మోసం చెయ్యలేదు. నిన్ను అనిపించింది కూడా నేనే."

పైడితల్లి పట్టకారు పక్కన పెట్టి, అతను చెప్పింది అర్థం చేసుకోవడానికి ప్రయత్నిస్తున్నట్టు దిమ్మవైపే చూస్తూ కూర్చుంది.

భానోజీ ఫోన్ తీశాడు. దీపాలన్నిటికీ మార్పులు పంపే అధికారం అతని బొటనవేలి ముద్రకే ఉంది. నలభై తీసేసి సున్నా పెట్టాడు. ఇల్లు, ఉద్యోగం, పిల్ల వైద్యం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. బొటనవేలు నొక్కాడు. ఇక్కణ్ణించి శ్రీకాకుళం దాకా, అవతల రాజమండ్రి దాకా, ప్రతి వార్డు ఆఫీసులో ఉన్న ప్రతి దీపంలోనూ గీత చెరిగిపోయింది.

పది నిమిషాలు తిరక్కుండా ఫోన్ మోగింది. జగదీశ్వరి గారు.

"భానోజీ! ఏం చేశావయ్యా? నిన్ననేగా సంతకం పెట్టావు!"

"పెట్టానండీ. అది అబద్ధం సంతకం. నాలుగేళ్ళ కిందట పెట్టింది కూడా అబద్ధమే. రొద లేదని ఆ రోజే కాగితం మీద రాసుకున్నాను. సొరుగులో ఉంది. ఇవాళే సర్కారుకి పంపిస్తున్నాను."

"పాప సంగతిలో మనసు బాలేదు నీకు. ఉండు, మాట్లాడుకుందాం. ఇప్పుడు ఊరంతా ఎర్రబడితే ఏం చేస్తాం? ఊరంతా మోసుకెళ్ళాలా?"

"మనదైతే మోసుకెళ్ళాలి కదండీ," అని పెట్టేశాడు.

గుండెల మీంచి బరువు దిగుతుందనుకున్నాడు. ఏమీ దిగలేదు. బొగ్గులు చల్లారుతున్నాయి, బిందె సగం తెల్లగా సగం పసుపుగా ఉండిపోయింది.

"ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్తానమ్మా," అన్నాడు. "మందులున్నాయి."

"మందేసుకుంటే మొత్తం పోతాదా బాబూ?"

పిల్ల విషయంలో అతనూ ఇదే అడిగాడు. నెత్తుట్లో ఉన్నది చాలావరకు పోతుంది, ఎముకల్లోకి దిగింది మాత్రం ఏళ్ళ తరబడి ఉంటుంది, తీసెయ్యలేం అంది డాక్టరమ్మ. ఆ మాట చెప్పకపోయినా పైడితల్లి అతని మొహంలోనే చూసేసింది.

"మీ రూలేటో ఫోనులో సెప్పేరు గదా," అంది నెమ్మదిగా. "ఎవుల సరుకైతే ఆళ్ళే మోసుకెళ్ళాలంట. అంతేనా?"

"అంతేనమ్మా."

"ఇది మీదేనని ఒప్పుకున్నారు గదా?"

"మాదే."

పైడితల్లి చేతులకున్న మసి చీరచెంగుకి తుడుచుకుంది. రెండు చేతులూ అతని ముందుకి చాపింది. ఆ గొంతులో కోపం లేదు, ఎగతాళీ లేదు. రూలు విని, రూలు ప్రకారం అడుగుతోంది.

"ఐతే అట్టుకెళ్ళిపోండి బాబూ. నాకొద్దు."

చాపిన చేతులు రెండూ మణికట్ల దగ్గర వాలిపోయి ఉన్నాయి. ఆవిడ వాటిని అలాగే పట్టుకుని ఎదురుచూస్తోంది.